నీళ్ళు నిండుగా, ఇంజన్ వేడిగా: కూలింగ్ వ్యవస్థలో పట్టే గాలిపై సమీక్ష

హోస్ పైపు మార్చారు. రేడియేటర్ మూతి దాకా నీళ్ళు పోశారు. కింద చుక్క కారడం లేదు. అయినా బండి హైవే ఎక్కిన కాసేపటికే హీట్ ముల్లు పైకి లేచింది. ఆపి, చల్లారాక మూత తీసి చూస్తే నీళ్ళు అడుగుకు దిగిపోయి ఉన్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం మెకానిక్ షెడ్లలో ఎండాకాలం పొడుగునా వినిపించే ఫిర్యాదు ఇది. దీనికి షెడ్డులో చెప్పే కారణం కూడా అందరికీ తెలిసిందే. "ఎయిర్ పట్టింది, తీయాలి." కారణం చాలాసార్లు నిజమే. చిక్కంతా ఆ తీయడం దగ్గర వస్తుంది. ఒకరు మూత తీసి ఇంజన్ రేస్ చేయమంటారు, ఒకరు బండి ముందు చక్రాలు ఎత్తమంటారు, ఒకరు థర్మోస్టాట్ పీకి పారేయమంటారు, ఇంకొకరు వాక్యూమ్ మిషన్ లేనిదే పని కాదంటారు. వీటిలో ఏది ఏ బండికి పనికొస్తుంది, ఏది కీడు చేస్తుంది, మన నేలకూ నీటికీ ఎండకూ ఏది సరిపోతుంది అన్నవి ఒక్కచోట పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గాలి తీయడాన్ని నీళ్ళు పోశాక చేసే వేరే పనిగా చూడటమే అసలు పొరపాటు. నీళ్ళు పోసే మొదటి నిమిషంలోనే అది మొదలవ్వాలి, కొలత పెట్టుకుని సాగాలి, మర్నాడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూశాకే ముగియాలి. ఇవి పాటిస్తే ఖరీదైన సామాను లేకుండానే చాలా బండ్లు బాగుపడతాయి. పాటించకపోతే ఎంత మంచి మిషన్ ఉన్నా హెడ్ గాస్కెట్లు పోతూనే ఉంటాయి.

లోపలి గాలి చేసే హాని

ఇంజన్‌లో మండే ఇంధనపు శక్తిలో దాదాపు మూడో వంతు చక్రాలకు చేరుతుంది. మరో మూడో వంతు పొగతో బయటకు పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని మోసుకుపోవలసింది కూలెంటే. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఒకే పరిమాణం తీసుకుంటే, ఒక డిగ్రీ వేడెక్కడానికి నీరు గాలికంటే సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని పుచ్చుకుంటుంది. అందువల్ల సిలిండర్ హెడ్‌లో నీరుండాల్సిన చోట గుప్పెడు గాలి నిలిచినా ఆ మేరకు లోహాన్ని చల్లబరిచే ఆధారం పోయినట్టే. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటుకే చేరుతుంది. చాలా ఇంజన్లలో ఎత్తైన చోటు సిలిండర్ హెడ్డే, అందులోనూ ఎగ్జాస్ట్ వాల్వ్‌ల చుట్టుపక్కల లోహం అన్నిటికన్నా వేడిగా ఉంటుంది. ఎక్కడ నీరు అత్యవసరమో అక్కడే గాలి తిష్ఠ వేస్తుందన్నమాట.

రెండో హాని వాటర్ పంపు దగ్గర జరుగుతుంది. అది నీటిని తిప్పి విసిరి తోసే రకం పంపు. దాని రెక్కల మధ్య నీటికి బదులు గాలి చేరితే తోయడానికి బరువు దొరకదు. పంపు తిరుగుతూనే ఉంటుంది, ప్రవాహం మాత్రం ఆగిపోతుంది. బెల్టు బాగుంది, పంపు బాగుంది, రేడియేటర్ కొత్తది, అయినా రేడియేటర్ కింది భాగం చల్లగా ఉండి ఇంజన్ ఉడుకుతోందంటే తరచుగా జరుగుతున్నది ఇదే.

మూడోది థర్మోస్టాట్‌కు సంబంధించినది. అందులోని మైనం 82 నుంచి 88 డిగ్రీల దగ్గర కరిగి వ్యాకోచించి వాల్వును తెరుస్తుంది. దానికి వేడి నీరు తగలాలి. చుట్టూ గాలి ఉంటే వేడి ఆలస్యంగా అందుతుంది, వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఆలోగా హెడ్‌లో నీరు ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాలి బుడగను ఇంకా పెద్దది చేస్తుంది. టెంపరేచర్ సెన్సర్ కూడా గాలిలో ఉండిపోతే లోపల ఉడుకుతున్నా డాష్‌బోర్డు మీద ముల్లు నిమ్మళంగా ఉంటుంది. డ్రైవర్‌ను మోసం చేసేది ఇదే.

చివరిది నిదానంగా చేసే నష్టం. డీజిల్ లారీ ఇంజన్లలో కొన్నిటికి సిలిండర్ లైనర్ బయటి గోడకు నేరుగా కూలెంట్ తగులుతుంది. మంట పేలిన ప్రతిసారీ లైనర్ సన్నగా కంపించి, దాని గోడ మీద చిన్న ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. ఆ దెబ్బలకు లోహం మీద గుంటలు పడతాయి. కూలెంట్‌లో గాలి కలిసి, సిస్టమ్‌లో ప్రెషర్ నిలవకపోతే ఈ తినుడు ఎక్కువవుతుంది. కూలెంట్‌లోని రక్షక రసాయనాలు తగ్గినా అంతే. నీళ్ళు ఆయిల్‌లో కలిశాయని ఇంజన్ విప్పినప్పుడు గానీ యజమానికి సంగతి తెలియదు.

గాలి వచ్చే దారులు

గాలి లోపల ఉందంటే అది నాలుగు దారుల్లో ఏదో ఒకదాని గుండా వచ్చి ఉంటుంది. ఆ దారి ఏదో తేల్చకుండా గాలి తీస్తే పని సగమే అయినట్టు.

మొదటిది మనం పోసినప్పుడే లోపల చిక్కుకున్నది. సిస్టమ్ ఖాళీ చేసి బకెట్‌తో గబగబా పోస్తే నీరు కిందకు దిగే దారిలోనే గాలి పైకి రావాలి. రెండూ ఒకే మూతిలో ఎదురుపడితే గాలి హెడ్‌లోనో హీటర్ పైపుల్లోనో ఇరుక్కుంటుంది.

రెండోది నీటిలో కరిగి ఉన్నది. మామూలు వేడిలో లీటరు నీటిలో సుమారు 18 మిల్లీలీటర్ల గాలి కరిగి ఉంటుంది. నీరు కాగేకొద్దీ అది బుడగలై విడిపోతుంది. ఒకసారి నింపి మూసిన సిస్టమ్‌కు ఇది పెద్ద లెక్క కాదు. రోజూ ఉదయాన్నే లీటరో అరలీటరో పోస్తూ నడిపే బండిలో మాత్రం ప్రతిసారీ కొత్త గాలి చేరుతుంటుంది, దాంతోపాటు తుప్పుకు కావలసిన ఆక్సిజన్ కూడా.

మూడోది బయటి నుంచి పీల్చుకున్నది. వేడిలో వ్యాకోచించిన కూలెంట్ బాటిల్‌లోకి పోతుంది, చల్లారినప్పుడు తిరిగి లోపలికి రావాలి. రేడియేటర్ మూతలో ఇందుకు ఒక చిన్న వాక్యూమ్ వాల్వు ఉంటుంది. అది బిగుసుకుపోయినా, బాటిల్‌కు వెళ్ళే సన్నటి పైపు చిల్లిపడినా, క్లిప్పు వదులైనా, చల్లారే ఇంజన్ కూలెంట్‌కు బదులు గాలిని పీల్చుకుంటుంది. పగలు నీరు కారని జాయింటు కూడా రాత్రి గాలి పీల్చగలదు. ఉదయం పై హోస్ పైపు నొక్కుకుపోయి చదునుగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది మూతనే. చవకైన వస్తువు కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ మూత వల్ల పోయే హెడ్ మాత్రం చవక కాదు.

నాలుగోది సిలిండర్‌లోంచి వచ్చే పొగ. హెడ్ గాస్కెట్ కాలినా, హెడ్ బీట వేసినా మంట తాలూకు వాయువు నేరుగా నీటిలోకి దూరుతుంది. ఇది నిజానికి గాలి కాదు, ఎంత తీసినా తరగదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే, నీరు ఇంకా వేడెక్కకముందే పై హోస్ గట్టిపడినా, మూతి దగ్గర బుడగలు ఒకే వరుసలో ఆగకుండా వచ్చినా అది గాస్కెట్ సంగతే. కూలెంట్ పైని గాలిని ఒక నీలి ద్రవం గుండా లాగి చూసే చిన్న పరీక్ష ఉంది. కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపుకు తిరుగుతుంది. ఈ పరీక్ష సామాను ఉన్న షెడ్డులో అనవసరపు హెడ్ విప్పుడు తగ్గుతుంది, అవసరమైన హెడ్ విప్పుడు వాయిదా పడదు.

గుర్తుపట్టడం

డాష్‌బోర్డు వెనక బుడబుడమని నీళ్ళు పారే చప్పుడు, ముల్లు ఉన్నట్టుండి లేచి ఉన్నట్టుండి పడటం, ఇంజన్ కాగినా హీటర్‌లోంచి చల్లటి గాలి రావడం, పై హోస్ కాలుతుంటే కింది హోస్ చల్లగా ఉండటం, నడిపి వచ్చాక లెవెల్ బాగా పడిపోవడం. ఇవి గాలి పట్టిన లక్షణాలు. అయితే కింది హోస్ చల్లగా ఉండటానికి మూసుకుపోయిన థర్మోస్టాట్ కూడా కారణం కావచ్చు, రేడియేటర్ గొట్టాల్లో పట్టిన గార కూడా కావచ్చు. ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పకూడదు.

ముల్లును నమ్మేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇప్పటి కార్లలో చాలావాటికి ముల్లు నిజమైన ఉష్ణోగ్రతను గీతగీతకూ చూపదు. ఒక విస్తృతమైన హద్దులో ఎంత మారినా మధ్యలోనే నిలిచేలా దాన్ని అమరుస్తారు. చిన్న కార్లలో కొన్నిటికి ముల్లే ఉండదు, ఎర్ర దీపం ఒక్కటే. దీపం వెలిగేసరికి ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. అందుకే మెకానిక్‌కు స్కానర్ ఉంటే దానిలో అసలు అంకె చూడటం మేలు.

అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు మాత్రం కొలతే. పాత కూలెంట్‌ను గీతలున్న డబ్బాలోకి దించి ఎంత దిగిందో రాసుకోవాలి. తిరిగి ఎంత పట్టిందో రాసుకోవాలి. ఆరు లీటర్లు దిగి నాలుగున్నరే పట్టిందంటే మిగిలిన ఒకటిన్నర లీటర్ల చోటును ఇంకా గాలి ఆక్రమించి ఉన్నట్టే. బండి పుస్తకంలో మొత్తం కూలెంట్ పరిమాణం రాసి ఉంటుంది. అయితే దించినప్పుడు బ్లాకులో కొంత మిగిలిపోతుంది కాబట్టి పుస్తకపు అంకెకన్నా దించిన అంకెతో పోల్చడమే సరైనది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేసే షెడ్లు పెరగాలి.

గాలి తీసే పద్ధతులు, వాటి బలాబలాలు

పాత జీపులు, అంబాసిడర్లు, ట్రాక్టర్లు, చాలా లారీల్లో రేడియేటర్ మూతి గానీ పై ట్యాంకు గానీ ఇంజన్ కన్నా ఎత్తుగా ఉంటుంది. వీటికి మూత తీసి నింపే పద్ధతే చాలు. సన్నటి ధారగా పోయాలి, మధ్యలో ఆగాలి, పై హోస్‌ను చేత్తో నొక్కుతూ వదులుతూ ఉండాలి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి స్లోలో ఉంచి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక లెవెల్ పడిపోతే మళ్ళీ పోయాలి. మూత తీసి ఉన్నంతసేపూ నీరు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు రేస్ ఇవ్వకూడదు. గట్టిగా రేస్ ఇస్తే నీరు పొంగి పోతుంది, వదలగానే లెవెల్ పడిపోయి మూతి గుండా మళ్ళీ గాలి లోపలికి పోతుంది. రేస్ ఇచ్చి గాలి తీశామనుకునే చాలా సందర్భాల్లో నిజానికి గాలి అటూఇటూ తిరిగిందంతే.

రెండో పద్ధతి మూతి ఎత్తు పెంచడం. మూతికి గట్టిగా బిగిసే పొడవాటి గరాటు పెట్టి దానిలో సగం దాకా కూలెంట్ ఉంచితే, సిస్టమ్ మొత్తంలో అదే ఎత్తైన చోటవుతుంది. గాలి దానంతట అదే వచ్చి అక్కడ బుడగై పోతుంది, ఖాళీ అయిన చోటుకు కూలెంట్ దిగుతుంది. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచాలి. ఈ సమయంలో ఏసీ ఆపి ఉంచడం మరచిపోకూడదు. ఏసీ వేస్తే ఇంజన్ వేడితో సంబంధం లేకుండా ఫ్యాన్ తిరుగుతుంది, గుర్తు తప్పుతుంది. చిన్న కార్లకు, పికప్ వ్యాన్లకు నా దృష్టిలో ఖర్చుకూ ఫలితానికీ పొత్తు కుదిరిన పద్ధతి ఇదే.

మూడోది బ్లీడ్ స్క్రూ. థర్మోస్టాట్ గూడు మీదో, పై పైపు మీదో, రేడియేటర్ ఒక మూలనో చిన్న స్క్రూ ఉంటుంది. పోస్తున్నంతసేపూ దాన్ని వదులు చేసి ఉంచి, బుడగలు లేని ధార వచ్చాక బిగించాలి. ఇది ఉన్న బండికి ఇంతకు మించిన మార్గం లేదు. అయితే కొన్నిటికి రెండు మూడు స్క్రూలు ఉంటాయి, కిందిది ముందు, పైది తర్వాత బిగించాలి. ప్లాస్టిక్ స్క్రూలు వేడికి పెళుసెక్కి విరుగుతాయి కాబట్టి చల్లగా ఉన్నప్పుడే, మెత్తని చేత్తో తిప్పాలి.

నాలుగోది వాక్యూమ్ పద్ధతి. కంప్రెసర్ గాలితో నడిచే చిన్న సాధనం ఖాళీ సిస్టమ్‌లోని గాలిని లాగేస్తుంది. ముల్లు 0.8 బార్ వాక్యూమ్ దాకా దిగాక వాల్వు మూసి కొన్ని నిమిషాలు చూస్తారు. ముల్లు కదలకపోతే లీకు లేనట్టు. తర్వాత కూలెంట్ డబ్బాలో పైపు ముంచి వాల్వు తెరిస్తే అది తనంతట తానే లోపలికి ఎగబాకుతుంది. హోస్ పైపులు నొక్కుకుపోవడం చూసి భయపడనక్కర్లేదు. ఈ పద్ధతికి రెండు పెద్ద లాభాలున్నాయి. నింపకముందే లీకు తెలుస్తుంది, వంకర టింకర పైపుల్లో కూడా కూలెంట్ చేరుతుంది. కానీ దీన్ని సర్వరోగ నివారిణిగా చూడటం తప్పు. 0.8 బార్ వాక్యూమ్ అంటే ఐదో వంతు గాలి ఇంకా లోపలే ఉందని అర్థం. పది లీటర్ల ఖాళీ ఉన్న సిస్టమ్‌లో అది నింపడం పూర్తయ్యేసరికి రెండు లీటర్ల దాకా చోటు పట్టవచ్చు. అందులో ఎక్కువ భాగం పైనున్న బాటిల్‌లోకి చేరుతుంది గనుక ఇబ్బంది రాదు, అయినా ఇంజన్ నడిపి లెవెల్ మళ్ళీ చూడాల్సిందే. వేడెక్కినప్పుడు మాత్రమే బయటపడే గాస్కెట్ లీకును కూడా ఈ పరీక్ష పట్టుకోలేదు.

ఐదోది బండి తయారీలోనే ఉన్న ఏర్పాటు. ఎత్తైన చోట ప్రెషర్ మూతతో కూలెంట్ బాటిల్, ఇంజన్ పై నుంచీ రేడియేటర్ పై నుంచీ దానిలోకి సన్నటి పైపులు. ఇంజన్ నడిచినంతసేపూ కొద్దిగా కూలెంట్, దానితో కలిసి గాలి ఆ పైపుల గుండా బాటిల్‌కు వస్తాయి. అక్కడ గాలి విడిపోతుంది, కూలెంట్ పంపు వైపు తిరిగిపోతుంది. పెద్ద లారీల్లో, బస్సుల్లో ఉండే అదనపు ట్యాంకు చేసేదీ ఇదే పని. ఇలాంటి బండి తన గాలిని తానే తీసుకోగలదు, ఆ సన్నటి పైపు తెరిచి ఉన్నంతవరకే. గార, తుప్పు, లీకులు ఆపడానికి పోసే పొడులు ముందుగా మూసేది ఆ పైపునే. మళ్ళీ మళ్ళీ గాలి పడుతోందన్న బండి వస్తే ఆ పైపు ఊడదీసి ఊది చూడటం ఒక్క నిమిషం పని.

మన నేల, మన నీరు

పుస్తకాలు బండిని ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలులో నిలపమంటాయి. మన కొల్లేరు సరస్సు చుట్టూ నేల బల్లపరుపు. కాలవ గట్టు ఎక్కే దారి, వంతెన అప్రోచ్ తప్ప వాలు దొరకదు. రద్దీ రోడ్డు మీద వంతెన ఎక్కుడులో బండి ఆపి మూత విప్పడం ప్రమాదం. షెడ్డులోనే జాకీతో ముందు చక్రాలు ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలపడం మంచిది. ముందు ఎత్తాలన్నది కూడా అన్నిటికీ వర్తించే సూత్రం కాదు. ఏ భాగం ఎత్తితే నింపే మూతి అన్నిటికన్నా పైకి వస్తుందో ఆ భాగాన్నే ఎత్తాలి. ఓమ్నీ లాంటి వ్యాన్లలో ఇంజన్ సీటు కింద, రేడియేటర్ ముందు ఉంటాయి. మధ్యలో పొడవాటి పైపులు నేలకు సమాంతరంగా పోతాయి. అలాంటి చోట గాలి ఎటూ కదలదు, ఎత్తు తేడా తేకపోతే గంటసేపు నడిపినా అక్కడే ఉంటుంది.

నీటి విషయం ఇంకా ముఖ్యం. ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు వెనక్కి వచ్చే ప్రాంతం ఇది. కొల్లేటి పరిసరాల్లో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ అల్యూమినియం హెడ్‌నూ రేడియేటర్‌నూ సూదిబెజ్జాలుగా తింటుంది. కాఠిన్యం గారై పేరుకుంటుంది. ఆ సూదిబెజ్జాలే రేపటి గాలి దారులు, ఆ గారే రేపు బ్లీడ్ పైపును మూసే అడ్డు. కాబట్టి మన దగ్గర గాలి సమస్యలో సగం నీటి సమస్యే. బోరు నీరు, చెరువు నీరు ఇంజన్‌లో పోయకూడదు. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ మంచిది. దానితో సరైన పాళ్ళలో కలిపిన కూలెంట్ ఇంకా మంచిది. కొనేటప్పుడు డబ్బా మీద ఐఎస్ 5759 ప్రమాణం ఉందో లేదో చూడాలి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులను బట్టి రకం తెలియదు. వేర్వేరు రకాలు కలిపితే రక్షక గుణం పోతుంది, కొన్ని కలయికలకు నురగ లేస్తుంది. నురగంటే సిస్టమ్ అంతా సన్నటి గాలి బుడగలే.

మన ఊళ్ళలో మంచు గడ్డకట్టదు కదా, కూలెంట్ ఎందుకన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు ప్రెషర్‌లో 107 డిగ్రీల దాకా మరగదు. ఒక బార్ ప్రెషర్ పట్టే మంచి మూత ఉంటే ఉత్త నీరే 120 డిగ్రీల దాకా మరగదు, కూలెంట్ అంతకన్నా పైకి ఆగుతుంది. మే నెలలో బయట 45 డిగ్రీలు తాకే చోట ఆ తేడాయే హెడ్‌ను కాపాడుతుంది. మరగకపోతే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే దానితో పెరిగే బుడగ లేదు.

ఇక్కడ హీటర్ ఎవరూ వేయరు. కానీ గాలి తీసేటప్పుడు హీటర్‌ను పూర్తి వేడికి తిప్పమని చాలా పుస్తకాలు చెబుతాయి. హీటర్ దారిలో నీటి వాల్వు ఉన్న పాత బండ్లకు ఆ మాట తప్పనిసరి. ఏళ్ళ తరబడి మూసి ఉన్న ఆ వాల్వు వెనక పాత నీరూ గాలీ నిలిచిపోయి ఉంటాయి. ఈ మధ్య వచ్చిన చాలా కార్లలో మాత్రం హీటర్ గుండా కూలెంట్ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది, మీట తిప్పితే మారేది గాలి తలుపు ఒక్కటే. అక్కడ హీటర్‌లోంచి వేడిగాలి రావడం లోపలి గాలి పోయిందనడానికి గుర్తుగా పనికొస్తుంది తప్ప గాలిని తీయదు. లీకవుతోందని హీటర్‌ను తప్పించి పైపులు కలిపేసిన బండ్లలో ఆ కలిపిన వంపు ఎత్తుగా ఉంటే అదే గాలి గూడవుతుంది.

సీఎన్జీ, ఎల్పీజీ కిట్ల సంగతి మన ఊళ్ళలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గ్యాస్ ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ చల్లబడి గడ్డకట్టకుండా దానికి ఇంజన్ కూలెంట్ వేడిని అందిస్తారు. కిట్ అమర్చేవారు దాన్ని రేడియేటర్ మూతికన్నా ఎత్తున బిగిస్తే గాలి వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. రెగ్యులేటర్ మీద మంచు పట్టి, బండి గ్యాస్ మీద గునుస్తూ, పెట్రోల్ మీద బాగా నడుస్తుంటే గ్యాస్ లైన్ కన్నా ముందు కూలెంట్ లైన్ చూడాలి. రెగ్యులేటర్‌ను కిందికి దించి బిగిస్తే చాలాసార్లు రెండు రోగాలూ ఒకేసారి పోతాయి.

ఇక థర్మోస్టాట్ పీకేయడం. ఎండల దేశంలో అది అవసరం లేదన్న మాట షెడ్లలో గట్టిగా పాతుకుపోయింది. దాన్ని తీసేస్తే గాలి త్వరగా పోయినట్టు కనిపించడం నిజమే. కానీ చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే దాని వెనక పళ్ళెం పక్కదారిని మూస్తుంది. అది లేకపోతే నీటిలో కొంత రేడియేటర్‌కు పోకుండా పక్కదారిన తిరిగి ఇంజన్‌కే వస్తుంది, నిండు లోడు మీద బండి మరింత వేడెక్కుతుంది. తక్కువ లోడు మీద ఇంజన్ చాలినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, లైనర్లు అరుగుతాయి. గాలి పోవడానికి థర్మోస్టాట్ అంచులో చిన్న రంధ్రం, అందులో కదిలే పిన్ను ఉంటాయి. బిగించేటప్పుడు ఆ రంధ్రం పై వైపుకు రావాలి. అది తలకిందులుగా బిగించిన థర్మోస్టాట్‌నే చెడ్డదని పారేస్తుంటారు.

వర్షాకాలంలో కొల్లేరు పొంగి నీరు రోడ్ల మీదికి వచ్చినప్పుడు మరో ప్రమాదం ఉంటుంది. లోతు నీటిలో వేగంగా దూకించిన బండిలో ఫ్యాన్ రెక్కలు నీటి ఒత్తిడికి వంగి రేడియేటర్‌ను గీరగలవు. పైకి కనిపించని ఆ గీటు వారం తర్వాత లీకవుతుంది, గాలి లోపలికి వస్తుంది. నీటిలో నడిపిన బండికి మర్నాడు లెవెల్ చూడటం అలవాటు కావాలి.

చెరువు గట్టు మీది ఇంజన్లు

ఈ ప్రాంతంలో వేడెక్కిన ఇంజన్ వల్ల పోయేది బండి ఒక్కటే కాదు. రొయ్యల చెరువుల్లో, దట్టంగా పెంచే చేపల చెరువుల్లో తెల్లవారుజామున నీటిలోని ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ వేళ కరెంటు పోతే ఏరేటర్లను తిప్పేది డీజిల్ జనరేటరే. నీటి వేడి హద్దు దాటితే జనరేటర్ తనంతట తాను ఆగిపోయేలా రక్షణ ఉంటుంది. లోపల గాలి పట్టి ఉంటే అది సరిగ్గా లోడు పడిన అరగంటకు ఆగుతుంది, చెరువులో పంట గంటల్లో పోతుంది. అందుకే జనరేటర్‌కు కూలెంట్ మార్చిన రోజు ఖాళీగా ఐదు నిమిషాలు నడిపి వదిలేయకూడదు. ఏరేటర్లన్నీ వేసి, నిండు లోడు మీద అరగంటకు పైగా నడిపి, చల్లారాక లెవెల్ చూడాలి.

ట్రాక్టర్‌తో నీరు తోడేటప్పుడు దాన్ని గట్టు వాలు మీద, ఒక్కోసారి ముందు భాగం కిందికి ఉండేలా నిలుపుతారు. అప్పుడు రేడియేటర్ మూతి కిందికీ, హెడ్ వెనక భాగం పైకీ అవుతాయి. లెవెల్ కొద్దిగా తక్కువ ఉన్నా గాలి హెడ్ వెనక చేరి గంటల తరబడి అక్కడే ఉంటుంది. చదునైన దిమ్మె మీద నిలపడం, వీలు కాకపోతే ముందు చక్రాల కింద ఎత్తు పెట్టడం ఖర్చు లేని జాగ్రత్త.

శీలావతి, బొచ్చె చేపలను ఐసులో పేర్చుకుని ఈ ప్రాంతపు లారీలు కోల్‌కతా దాకా, ఆ పైన ఈశాన్య రాష్ట్రాల దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా పోతాయి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ నుంచి, ధాన్యం మిల్లుల నుంచి బయలుదేరే లారీలదీ దూరప్రయాణమే. దారిలో వేడెక్కిన లారీకి ఎక్కడ దొరికిన నీరు అక్కడ పోయడం తప్పదు. తిరిగి వచ్చాక ఆ నీరు మార్చడం మాత్రం మన చేతిలోనే ఉంది. మార్చకపోవడం వల్లనే ఒక రోజు అవసరం ఏడాది పాటు రోగమవుతుంది.

కొత్త బండ్లు, కొత్త చిక్కులు

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలతో డీజిల్ బండ్లలో కూలెంట్ తిరిగే భాగాలు పెరిగాయి. పొగలో కొంత భాగాన్ని చల్లబరచి తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్ వాటిలో ముఖ్యమైనది. ఒక పక్క వందల డిగ్రీల పొగ, మరో పక్క కూలెంట్. ఆ పక్కన కూలెంట్‌కు బదులు గాలి నిలిస్తే కూలర్ బీటలు వేస్తుంది. అప్పుడు కూలెంట్ పొగతో పాటు కాలిపోయి, కింద చుక్క పడకుండానే తగ్గిపోతుంటుంది. కొన్ని కార్లలో అదనంగా చిన్న ఎలక్ట్రిక్ పంపులు ఉంటాయి. స్కానర్‌తో వాటిని నడిపితేనే గాలి పోతుంది. ఇలాంటి బండికి పాత పద్ధతి పెడితే మెకానిక్ నైపుణ్యం తక్కువై కాదు, బండి నిర్మాణం ఒప్పుకోక పని చెడుతుంది.

ఎలక్ట్రిక్ కార్లలో ఇంజన్ లేకపోయినా ఈ ప్రశ్న పోలేదు. బ్యాటరీని, మోటారును చల్లబరిచే కూలెంట్ లైన్లు వాటికీ ఉన్నాయి. బ్యాటరీ కింద పలుచటి దారుల్లో గాలి నిలిస్తే కొన్ని సెల్స్ మిగతావాటికన్నా వేడెక్కుతాయి. వీటికి కంపెనీ చెప్పిన కూలెంట్, చెప్పిన పద్ధతి తప్ప మరొకటి వాడకూడదు. అధిక వోల్టేజి ఉన్న చోట శిక్షణ లేనివారు చేయి పెట్టకూడదు.

రెండు హెచ్చరికలు

వేడి ఇంజన్ రేడియేటర్ మూత విప్పకూడదు. ప్రెషర్ పట్టి ఉండటం వల్లనే ఆ నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంది. మూత వదలగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. తడిగుడ్డ వేసి విప్పడం రక్షణ కాదు. పై హోస్ చేత్తో హాయిగా పట్టుకోగలిగేంత చల్లారాకే విప్పాలి. వేడి ఇంజన్‌లో చల్లటి నీరు ఒక్కసారిగా పోసినా హెడ్ బీట వేయవచ్చు.

దించిన పాత కూలెంట్‌ను మురుగు కాలవలో పోయకూడదు. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది గనుక కుక్కలు, పశువులు తాగుతాయి. నీటిలో కలిస్తే అది కుళ్ళే క్రమంలో ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మన మురుగు కాలవల్లో చాలావి చివరికి చేరేది కొల్లేటికే. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన, 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు అది. వేల కుటుంబాలకు చేపా రొయ్యా అన్నం పెడుతున్న నీరు అది. డబ్బాలో పట్టి వాడిన ఆయిల్‌తో కలపకుండా విడిగా ఉంచి, సేకరించేవారికి అప్పగించడం ప్రతి షెడ్డు బాధ్యత.

తేలిన సంగతి

ఇన్ని పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏదో ఒకటి గొప్పదని తేలదు. మూతి ఎత్తుగా ఉన్న బండికి ఓపికగా పోయడం చాలు. మూతి కిందుగా ఉన్న బండికి ఎత్తు గరాటు కావాలి. స్క్రూ ఉన్న బండికి స్క్రూ, వంకర పైపులున్న కొత్త బండికి వాక్యూమ్, స్కానర్. గాలి ఎత్తుకే పోతుందన్న ఒక్క సత్యం మీదనే ఇవన్నీ నిలబడ్డాయి. బండి చూడగానే ఎత్తైన చోటు ఏదో గుర్తించిన మెకానిక్‌కు పద్ధతి దానంతట అదే తడుతుంది. ఒకసారి సరిగ్గా తీశాక రెండోసారి గాలి కనిపిస్తే మాత్రం ఇక తీయడం ఆపి, వచ్చే దారి వెతకాలి. మూత, క్లిప్పులు, పంపు సీలు, గాస్కెట్ ఈ వరుసలో చూస్తే ఖర్చు తక్కువ దాని నుంచి ఎక్కువ దానికి వెళ్ళినట్టవుతుంది.

ఇది ఒక్క మెకానిక్‌ల వల్లే అయ్యే పని కాదు. మర్నాడు చల్లటి ఇంజన్‌తో తీసుకురమ్మంటే యజమాని విసుక్కోకూడదు. ఆ రెండో చూపు కూడా పనిలో భాగమే, దానికి కూలి ఇవ్వడం న్యాయం. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది, ఏలూరులో సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మన బోరు నీరు అల్యూమినియం హెడ్‌ను ఎంత కాలంలో ఎంత తింటుందో, ఏ మండలం నీరు ఎంత గార కడుతుందో విద్యార్థుల ప్రాజెక్టులుగా కొలిచి, ఫలితాలను తెలుగులో షెడ్లకు అందిస్తే అంతకన్నా ఉపయోగపడే చదువు ఉండదు. అప్పటిదాకా ప్రతి షెడ్డూ ఈ రోజే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. దించిన కూలెంట్ ఎన్ని లీటర్లు, తిరిగి పట్టింది ఎన్ని లీటర్లు అన్నది బిల్లు మీద రాయడం. ఆ రెండు అంకెలూ కలిసేదాకా బండిని రోడ్డెక్కించకూడదు.